చెన్నపురి తొలి ప్రజాధ్యక్షుడు సర్ పిట్టి త్యాగరాయ చెట్టి

చెన్నపురి నగరపాలక సంస్థ 1688లో ఏర్పడింది. భారతదేశంలోని నగరపాలక సంస్థలన్నింటిలోను ఇదే ప్రాచీనమైనది. తొలి మేయరు నథానియల్ హిగ్గిన్సన్ ఆంగ్లేయుడు. కాలక్రమాన మేయరు అన్న పేరు మరుగునపడి, నగరసభకు అధ్యక్షుడు అనే పదవి వచ్చింది. మేయరు పేరు మరల 1933లో గాని ప్రవేశించలేదు. 1919 నాటి మదరాసు నగర పురపాలక చట్టం ఆ అధ్యక్షుని ఎన్నుకొనే హక్కును సభ్యులకే ఇచ్చింది. అట్లు ఎన్నికై ఆ పీఠం అధిష్ఠించిన మొదటి అనధికారి ఒక తెలుగువాడు కావడం ఈ నగరంలోని తెలుగువారందరికీ స్మరణీయమైన విషయం.

త్యాగరాయ చెట్టి 1852లో తెలుగు మాతృభాషగా గల దేవాంగ కుటుంబంలో జన్మించారు. ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి 1876లో పట్టభద్రులైనారు. చేనేత పరిశ్రమలోను, వర్తకంలోను పేరు గడించారు. 1882లో నగరసభలో సభ్యులై, నాలుగు దశాబ్దాలపాటు ఆ సభను అంటిపెట్టుకొని ఉన్నారు. అంతటి దీర్ఘకాలం ఒకే సభలో ఓపికతో కూర్చున్న నాయకులు ఆ కాలంలోనూ అరుదే. 1916లో డాక్టర్ టి.ఎం.నాయర్, డాక్టర్ సి.నటేశ మొదలియారులతో కలిసి దక్షిణ భారత ఉదారవాద సమాఖ్యను స్థాపించారు. ఆంగ్లంలో వెలువడిన వారి పత్రిక పేరునుబట్టి లోకం దానిని జస్టిస్ పార్టీ అన్నది. ఆ పక్షానికి తమిళంలో ద్రావిడన్, తెలుగులో ఆంధ్రప్రకాశిక వాణులుగా ఉండేవి.

1920 చివర జరిగిన శాసనసభ ఎన్నికలలో ఆ పార్టీ నెగ్గింది. ప్రథమ మంత్రి పదవి స్వీకరించుమని గవర్నరు విల్లింగ్డన్ ప్రభువు త్యాగరాయ చెట్టిని ఆహ్వానించగా ఆయన నిరాకరించారు. ఆ పదవి ఎ.సుబ్బరాయలు రెడ్డియారును వరించింది. చెట్టిగారు నగరసభాధ్యక్షులుగానే ఉండిపోయారు. రాజధాని మొత్తాన్ని ఏలే అవకాశం వచ్చినా, వీధిదీపాలు, మురుగుకాలువలు, ప్రాథమిక పాఠశాలల వ్యవహారం విడువని మనిషి అని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

అయితే అధ్యక్షుని అధికారాలు మితమైనవి. కార్యనిర్వహణ అంతా ప్రభుత్వం నియమించే కమిషనరు చేతిలోనిది. సభను ఒప్పించి తీర్మానం చేయించడమే అధ్యక్షునికి గల సాధనం. ఆ సాధనంతోనే త్యాగరాయ చెట్టి సాధించిన ఘనకార్యం ఒకటున్నది. థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని నగరసభ పాఠశాలకు వచ్చే పిల్లలు కడు పేదవారు. ఆకలితో ఉన్న బాలుడు బడికి రాడు. వచ్చినా పాఠం తలకెక్కదు. ఆ కారణంగానే పాఠశాల బలం తగ్గుతున్నదని అధ్యక్షుడు సభకు విన్నవించగా, విద్యార్థి ఒక్కంటికి దినానికి ఒక అణాకు మించని వ్యయంతో ఫలహారం పెట్టేందుకు 1920 సెప్టెంబరు 16న సభ ఆమోదించింది.

అణా అంటే రూపాయిలో పదహారవ వంతు. ఆ స్వల్ప ధనం చేసిన పని స్వల్పం కాదు. తరువాత మరి నాలుగు పాఠశాలలకు ఆ ఏర్పాటు విస్తరించింది. ఆ అయిదు బడులలో 1922-23లో 811గా ఉన్న విద్యార్థుల సంఖ్య 1924-25 నాటికి 1,671 అయింది. రెండేండ్లలో రెట్టింపు! బోధనా పద్ధతి మారలేదు, భవనాలు మారలేదు; మధ్యాహ్నం ఆకులో ఏదో ఒకటి పడింది, అంతే. ఇంతలో ప్రాథమిక విద్యానిధి నుండి తిండికి ఖర్చు చేయడం చట్టసమ్మతం కాదని ప్రభుత్వం అడ్డు చెప్పింది. 1925 ఏప్రిల్ 1 నుండి ఫలహారం ఆగిపోయింది. ఆ యేడే త్యాగరాయ చెట్టి కన్నుమూశారు. పథకం కొంతకాలానికి తిరిగి మొదలైనా, రాష్ట్రమంతటికీ మధ్యాహ్న భోజనం అందడానికి 1956లో కామరాజ్ ప్రభుత్వం రావలసి వచ్చింది. 1982లో ఎం.జి.రామచంద్రన్ దానిని పౌష్టికాహార పథకంగా విస్తరింపజేశారు.

మహనీయుల చరిత్రలో మచ్చలను దాచడం చరిత్ర అనిపించుకోదు. 1921లో బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల సమ్మె ఉత్తర చెన్నపురిని అట్టుడికించినప్పుడు, పనిలోకి వెళ్లిన ఆదిద్రావిడ కార్మికులకు, సమ్మె చేసిన తక్కిన కులాలవారికి మధ్య ఘర్షణలు చెలరేగాయి. ఆనాడు జస్టిస్ పార్టీ నాయకత్వం ఆదిద్రావిడుల పట్ల న్యాయంగా నిలవలేదు. ఎం.సి.రాజా వంటి నాయకుడు 1923లో పార్టీని వీడడానికి ఆ సంఘటనలే బీజం వేశాయి. బ్రాహ్మణేతరులందరి పక్షాన మాట్లాడుతున్నామన్న పార్టీకి అది తీరని లోటు. పార్టీ పెద్దగా త్యాగరాయ చెట్టికి అందులో భాగం లేదనలేము.

రిప్పన్ భవనం ముంగిట ఆయన శిలావిగ్రహం ఉన్నది. 1923 ప్రాంతంలో మాంబళం వద్ద పెద్ద చెరువును పూడ్చి కొత్త పేట నిర్మించినప్పుడు దానికి త్యాగరాయనగరమని పేరు పెట్టారు. జనం నోట అది టి.నగర్ అయింది. దాని వీధులకు, తోటలకు ఆ పార్టీ పెద్దల పేర్లే ఉన్నాయి. నడుమనున్న పానగల్ పార్కు 1921లో ప్రథమ మంత్రి అయిన పానగల్ రాజా రామరాయణింగారి పేరిటిది. ఆయనా తెలుగువారే.