కాంట్రా మన ఊళ్లకు వచ్చిన దారి

జపాన్ కంపెనీ కొనామి 1987లో ‘కాంట్రా’ను విడుదల చేసింది. నిలువెత్తు పెట్టె ముందు నిలబడి, నాణెం వేసి ఆడే ఆట అది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నలభైకి దగ్గరపడిన వాళ్ల దగ్గర ఆ పేరెత్తితే ముఖాలు వెలిగిపోతాయి. అయినా ఆ పెట్టెను కళ్లారా చూసినవాళ్లు వాళ్లలో అరుదు. ఇక్కడికి కాంట్రా వచ్చింది అరచేతిలో ఇమిడే క్యాసెట్టుగా. పాత రూపంతో కొత్తగా వస్తున్న గేమ్ పెట్టెలు కొని పిల్లలకు చూపిస్తున్న తరం వెతుక్కుంటున్నది కూడా ఆ క్యాసెట్టు ఆటనే.

దాని మూలం ఫ్యామికామ్. నింటెండో 1983 జులై 15న జపాన్‌లో అమ్మకానికి పెట్టిన ఇంటి పెట్టె ఇది. దాని ప్రధాన చిప్పుకున్న పని జ్ఞాపకశక్తి 2 కిలోబైట్లే. తైవాన్‌లో ఆ చిప్పులకు నకళ్లు తయారయ్యాక, రకరకాల పేర్లతో చవక పెట్టెలు ఆసియా అంతటా పాకాయి. మన దేశంలో విదేశీ ఎలక్ట్రానిక్ సరుకు మీద ఆంక్షలు 1991 దాకా గట్టిగా ఉండేవి. పి.వి. నరసింహారావు ప్రభుత్వం తలుపులు తెరిచిన ఆ దశాబ్దంలోనే టీవీ గేమ్ అనే మాట చిన్న పట్టణాల పిల్లల నోట నలిగింది. సెగా కంపెనీ ఆటలను షా వాలెస్ సంస్థ అధికారికంగా తెచ్చినా, సామాన్యుడి ఇంటికి చేరింది ఎక్కువగా నకలు పెట్టెలే. వాటిని చులకన చేయడం అన్యాయం. ఈ ప్రాంతానికి సంబంధించినంత వరకు కంప్యూటర్ ఆటల చరిత్ర వాటితోనే మొదలైంది.

క్యాసెట్టు మీద వేలల్లో ఆటలున్నట్టు ముద్రించేవారు. లోపల నిజంగా ఉండేవి కొన్ని పదులు. మిగతావన్నీ అవే ఆటలు, వేరే దశ నుంచి మొదలయ్యేవి. కానీ ఆ జాబితా ఇప్పుడు చూస్తే జపాన్ ఆటశాలల చరిత్ర కళ్లముందు నిలుస్తుంది: 1979 నాటి గెలాక్సియన్, 1980 నాటి ప్యాక్‌మ్యాన్, 1981 నాటి డాంకీ కాంగ్, 1984 నాటి రోడ్ ఫైటర్, సర్కస్ చార్లీ. టోక్యోలో నాణేలు మింగిన ఆటలను పదేళ్ల తర్వాత బొబ్బిలిలో, ఆమదాలవలసలో గుంటలు వేసవి సెలవుల్లో ఆడుకున్నారు. ఇంట్లో పెట్టె లేనివాళ్లకు గంట లెక్కన ఆడించే గేమ్ షాపులే దిక్కు. చేతి చిల్లర అయిపోయాక కూడా పక్కన నిలబడి చూసేవాళ్లు కొందరు.

ఆ షాపుల్లో అందరికంటే గౌరవం మీట నొక్కుల వరస తెలిసినవాడికి. పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, తర్వాత బి, ఏ. ఆ వరస నొక్కితే కాంట్రాలో మూడు ప్రాణాలు ముప్పై అయ్యేవి. దీన్ని పెట్టింది కొనామి ఉద్యోగి కజుహిసా హాషిమోటో. ‘గ్రాడియస్’ అనే ఆటను 1986లో ఫ్యామికామ్‌కు మార్చేటప్పుడు, పరీక్షించడానికి తనకే మరీ కష్టంగా ఉండటంతో రాసుకున్న దొంగదారి అది. ఆయన 2020 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఇంటర్నెట్టు లేని కాలంలో ఆ పది నొక్కులు నోటి మాటగానే ఊరూరూ తిరిగాయి. మౌఖిక సంప్రదాయానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఆ దశాబ్దంలో దొరకడం కష్టం.

ముప్పై ప్రాణాలున్నా కరెంటు పోతే అన్నీ పోయినట్టే. కాంట్రాలో ఆటను దాచుకునే వీలు లేదు. కోత ముగిశాక మళ్లీ మొదటి అడవి నుంచే పరుగు. బొమ్మ రాకపోతే క్యాసెట్టు తీసి నోటితో ఊదడం అందరికీ తెలిసిన వైద్యం. నిజానికి పనిచేసింది ఊపిరి కాదు, తీసి మళ్లీ గుచ్చడం. ఊదినప్పుడు పడే తేమ రాగి కాళ్లకు చేటు చేస్తుంది, పైగా ఉప్పుగాలి వీచే తీరం ఇది.

2016 నవంబరులో నింటెండో తన పాత పెట్టెను అరచేతి సైజులో, 30 ఆటలతో మళ్లీ తెచ్చింది. ఒక్కో ఆటను నాలుగు చోట్ల ఆపి దాచుకోవచ్చు. కరెంటు కోతల కాలంలో పెరిగినవాళ్లకు అది వరమే. అయితే వాళ్లకు కావలసిన మొదటి కాంట్రా అందులో లేదు, దాని తర్వాతి భాగం మాత్రమే ఉంది. తెర మీది బాతులను కాల్చే ఆట కోసం అప్పట్లో వాడిన తుపాకీ కూడా కొత్త టీవీ మీద గురి చూడదు. పాత గాజు గొట్టం టీవీ బొమ్మను గీసే పద్ధతి మీదే దాని పని ఆధారపడింది. మొదటి కాంట్రా విషయానికొస్తే, కొనామి 2019లో తెచ్చిన సంకలనంలో ఆటశాల కాంట్రా, ఇంటి కాంట్రా రెండూ ఉన్నాయి. జపాన్ ఇంటి కాంట్రాలో అడవిలోని తాటి ఆకులు కదులుతాయి, అమెరికా దానిలో కదలవు.

ఇంకో చిక్కుంది, దాన్ని చాలామంది వయసు మీద పడిందనుకుని వదిలేస్తారు. కొత్త పెట్టెలో ఆట వేగంగా, పాట హడావుడిగా అనిపిస్తుంది. అది భ్రమ కాదు. జపాన్ టీవీలో బొమ్మ సెకనుకు 60 సార్లు మారేది. మన దేశం పాటించిన పాల్ పద్ధతిలో 50 సార్లే. ఆట నడక ఆ లెక్కకే కట్టుబడి ఉంటుంది కనుక, పాల్ టీవీల కోసం తయారైన నకలు పెట్టెల్లో అన్నీ ఆరో వంతు నెమ్మదిగా సాగేవి. నింటెండో కొత్త పెట్టె, చాలా అనుకరణ ప్రోగ్రాములు జపాన్ వేగంతోనే నడుస్తాయి. మెసెన్ లాంటి కొన్ని ప్రోగ్రాముల్లో మాత్రం ‘డెండీ’ అనే ఎంపిక ఉంది. 1992లో రష్యాలో అమ్మకానికొచ్చిన ఇలాంటి నకలు పెట్టె పేరే అది. ఆ ఎంపిక నొక్కితే కాంట్రా పాట, సైనికుల పరుగు తొంభైల నాటి విజయనగరం వేగానికి దిగివస్తాయి.