సరయేవో పాత బజారు: అద్దె నుండి గ్రంథం వరకు

బోస్నియా రాజధాని సరయేవోలోని పాత బజారు పేరు బాష్‌చార్షియా. తుర్కీ భాషలో ‘బాష్’ అంటే ప్రధానమైనది. ‘చార్షియా’కు మూలం నాలుగు దిక్కులు అనే అర్థమిచ్చే పారశీక పదం ‘చహార్‌సూ’. 15వ శతాబ్ది ద్వితీయార్ధంలో ఉస్మానియా సామ్రాజ్య ప్రతినిధి ఈసా బేగ్ ఇసాకోవిచ్ మిల్యాత్స్కా నదీతీరంలో మసీదు, వంతెన, సత్రం, దుకాణాలు నిర్మింపజేయడంతో నగరం రూపుదిద్దుకొన్నది. కంచరివారి కజాంజిలుక్, జీనులు కుట్టేవారి సరాచి వంటి వీథుల పేర్లు నాటి వృత్తులను నేటికీ తెలుపుతున్నాయి. ఈ బజారు ఆదాయానికీ విద్యకూ గల సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ఆ సంబంధానికి ఆధారం వక్ఫు. దాత తన ఆస్తిని ధర్మకార్యానికి శాశ్వతంగా అంకితం చేస్తాడు. ఆపైన దానిని అమ్మడానికి గాని, వారసులు పంచుకోవడానికి గాని వీలులేదు. దుకాణాలు, సత్రాలు, స్నానశాలలపై వచ్చే రాబడితో మసీదు, పాఠశాల, అన్నశాల నడుస్తాయి. 1521లో బోస్నియా పాలకుడుగా నియమితుడైన గాజీ ఖుస్రవ్ బేగ్ ఈ పద్ధతిని విస్తృతంగా అమలుపరచాడు. 1537లో మదర్సా కోసం ఆయన రాయించిన దానపత్రంలో ఒక నిబంధన విశేషమైనది: నిర్మాణవ్యయం పోగా మిగిలిన ధనంతో మంచి గ్రంథాలు కొనాలి, అవి చదువరులకూ, ప్రతులు రాసుకొనేవారికీ ఉపయోగపడాలి. గాజీ ఖుస్రవ్ బేగ్ గ్రంథాలయానికి ఈ వాక్యమే పునాది.

దానపత్రం కోరిన శాశ్వతత్వాన్ని చరిత్ర అనేకసార్లు భంగపరచింది. ఆయన వక్ఫుకు చెందిన తాష్లీహాన్ అనే రాతి సత్రం 1879 నాటి అగ్నిప్రమాదంలో దగ్ధమైంది. నేడు శిథిలాలే మిగిలాయి. రెండవ ప్రపంచయుద్ధానంతరం సోషలిస్టు యుగోస్లావియా వక్ఫు ఆస్తులను జాతీయం చేసింది. పుస్తకాలను పోషించిన అద్దెల మార్గం అలా మూసుకుపోయింది.

అసలు పరీక్ష 1992లో ఎదురైంది. నగర ముట్టడి కాలంలో, ఆగస్టు 25 రాత్రి బజారు అంచునే ఉన్న జాతీయ గ్రంథాలయం ఫిరంగి గుండ్లకు అంటుకొని, అపారమైన గ్రంథసంపద బూడిదైంది. ఖుస్రవ్ బేగ్ గ్రంథాలయపు రాతప్రతులను మాత్రం సిబ్బంది, సహాయకులు ప్రాణాలకు తెగించి ఒకచోటి నుండి మరొకచోటికి తరలిస్తూ కాపాడారు. 2014లో ఆ గ్రంథాలయం మదర్సా పక్కనే నూతన భవనంలో తెరుచుకొన్నది.

దీనినిబట్టి ఒక విషయం స్పష్టమవుతున్నది. గ్రంథాలయాన్ని పుట్టించినది బజారు రాబడి, దానపత్రపు నిబంధన. ఆ రాబడి ఆగిపోయిన తరువాత, ఏ పత్రమూ ఆదేశించని తెగువతో దానిని నిలిపినవారు పుస్తకాలు మోసిన మనుషులు. సంస్థల చరిత్ర రాసేటప్పుడు దాతల పేర్లతోపాటు ఈ శ్రమను కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉన్నది.