బిట్‌కాయిన్ కోర్ స్థాపన

బిట్‌కాయిన్ కోర్ అనేది బిట్‌కాయిన్ అనే క్రిప్టోకరెన్సీకి చెందిన స్వేచ్ఛా సాఫ్టువేరు. దీనిని కంప్యూటరులో నెలకొల్పడాన్ని స్థాపన అంటారు. సాధారణ సాఫ్టువేరు స్థాపనలో పొరపాటు జరిగితే మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఇందులో నకిలీ ప్రతిని స్థాపించినా, రహస్య తాళాలుండే దస్త్రాన్ని పోగొట్టుకొన్నా సొమ్ము తిరిగి రాదు. ఫిర్యాదు విని సొమ్ము జమచేసే బ్యాంకు ఈ వ్యవస్థలో లేదు. అందువలన స్థాపనా సూచనలు స్పష్టంగా ఉండడం ఎంతో అవసరం.

చరిత్ర

సతోషి నకమోటో అనే మారుపేరుతో దీని తొలి కూర్పు 2009 జనవరిలో విడుదలయింది. అది విండోస్‌లో మాత్రమే పనిచేసేది. 2014 మార్చిలో వెలువడిన 0.9.0 కూర్పుతో దీనికి బిట్‌కాయిన్ కోర్ అనే పేరు వచ్చింది. ఇది ఎం.ఐ.టి. లైసెన్సుతో లభిస్తుంది కనుక ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు.

స్థాపనకు ప్రధానంగా రెండు మార్గాలు కలవు. సిద్ధంగా ఉన్న ప్రతిని దింపుకోవడం ఒకటి, సోర్సుకోడు నుండి స్వయంగా నిర్మించుకోవడం రెండవది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 29.0 కూర్పుతో నిర్మాణ పద్ధతి ఆటోటూల్స్ నుండి సీమేక్‌కు మారింది. పాత ఆదేశాలు కొత్త కూర్పులకు పనిచేయవు. కాబట్టి సూచనలు ఏ కూర్పుకు వర్తిస్తాయో మొదటే తెలుపవలసి ఉంటుంది.

సరిచూచుట

దింపుకొన్న దస్త్రం నుండి షా-256 పద్ధతిలో లెక్కించే సంఖ్యను హాష్ అంటారు. దస్త్రంలో ఒక్క అక్షరం మారినా హాష్ మారిపోతుంది. ప్రతి విడుదలతో పాటు హాష్‌ల జాబితా, దానిపై పలువురు నిర్మాతల డిజిటల్ సంతకాలు ప్రచురించబడతాయి. 2021 సెప్టెంబరులో వచ్చిన 22.0 కూర్పు నుండి గిక్స్ అనే సాధనాన్ని ఇందుకు వాడుతున్నారు. దీనితో వేర్వేరు వ్యక్తులు వేర్వేరు చోట్ల నిర్మించినా అక్షరం తేడా లేని ప్రతి వస్తుంది. అందువలన ఏ ఒక్కరినీ గుడ్డిగా నమ్మవలసిన పని లేదు.

ఈ మెట్టు ఎంత ముఖ్యమో మొనెరో అనే మరొక క్రిప్టోకరెన్సీ విషయంలో తెలిసివచ్చింది. 2019 నవంబరు 18న దాని అధికారిక వెబ్‌సైటులోనే కొద్దిసేపు సొమ్మును దొంగిలించే నకిలీ ప్రతి ఉంచబడింది. హాష్ సరిపోలలేదని ఒక వాడుకరి గమనించడంతో మోసం బయటపడింది.

కంటెయినర్లు

సాఫ్టువేరును, దానికి కావలసిన ఇతర దస్త్రాలతో కలిపి ఒకే మూటగా కట్టి నడిపే పద్ధతిని కంటెయినర్ అంటారు. 2013లో విడుదలైన డాకర్ దీనిని ప్రచారంలోకి తెచ్చింది. స్థాపన సులువవుతుంది కానీ నమ్మకం సమస్య తీరదు, మూట కట్టినవారి మీదికి మారుతుంది. కాబట్టి ఈ క్రింది జాగ్రత్తలు పాటించాలి.

* మూట కట్టే ఆదేశాలలోనే సంతకాలను సరిచూసే మెట్టు ఉండాలి.
* మూటను పేరుతో కాక షా-256 హాష్‌తో గుర్తించాలి. పేరును తరువాత వేరొక మూటకు తగిలించవచ్చు, హాష్ మారదు.
* వాలెట్ దస్త్రాన్ని కంటెయినర్ వెలుపలి నిల్వలో ఉంచాలి. లేనిచో కంటెయినర్‌ను తొలగించగానే తాళాలూ పోతాయి.
* ఇతర నోడ్‌లతో సంభాషించే 8333 పోర్టును తెరవవచ్చు. ఆదేశాలు స్వీకరించే 8332 పోర్టును మాత్రం అంతర్జాలానికి తెరవరాదు.

తెలుగు ప్రాంతాలలో

పూర్తి బ్లాకుల గొలుసు పరిమాణం 600 గిగాబైట్లు దాటింది. విజయవాడ కేంద్రంగా గల ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థ ఆరంభంలో ఇళ్ళకు ప్రకటించిన వేగం సెకనుకు 15 మెగాబిట్లు. ఆ వేగంతో 600 గిగాబైట్లు దింపుకోవడానికి ఆగకుండా దాదాపు 89 గంటలు పడుతుంది. పాత బ్లాకులను తొలగించే సదుపాయంతో బ్లాకుల నిల్వను 550 మెగాబైట్ల వరకు తగ్గించవచ్చు, అయితే ఒకసారి అంతా దింపుకోక తప్పదు. కృష్ణా డెల్టా పల్లెలలోని విద్యార్థికి ఈ లెక్క ముందుగా తెలిస్తే సమయమూ డబ్బూ వృథా కావు.

ఈ సాఫ్టువేరు మెనూల అనువాదాలలో తెలుగు కూడా ఉంది. సోర్సుకోడుతో పాటు వచ్చే స్థాపనా సూచనలు మాత్రం ఆంగ్లంలోనే ఉన్నాయి. పొరపాటు జరిగితే సరిదిద్దుకొనే వీలులేని మెట్లు ఆ సూచనలలోనే ఉన్నందున, తెలుగులోకి మొదట రావలసినవి మెనూల కంటే అవే.