అంగీ అస్తరులో దొరికిన సాక్ష్యము

ఫ్రెంచి గణితవేత్త బ్లేజ్ పాస్కల్ 1654 నవంబరు 23 రాత్రి సుమారు పదిన్నర మొదలు పన్నెండున్నర వరకు దైవసన్నిధిని అనుభవించెను. దానిని వ్రాసి, చర్మపు కాగితముపై నకలు చేసి, అంగీ అస్తరులో కుట్టి దాచుకొనెను. 1662లో ఆయన మరణించిన పిమ్మట అది సేవకుని కంటబడెను.

ఇది దేవుడున్నాడనుటకు రుజువగునా? 1648లో కొండమీద వాయుభారమును కొలిపించిన ఆ శాస్త్రజ్ఞునికి రుజువనగా నేమో తెలియును. అయినను అవిశ్వాసులకై వ్రాసి, 1670లో అచ్చయిన 'తలంపులు'లో ఆ రాత్రిని రుజువుగా చూపక, వాదనలనే వారి ముందుంచెను. అట్టి అనుభవము పొందినవానికే ప్రమాణముగాని ఇతరులను బంధింపదని 1902లో విలియం జేమ్స్ తేల్చెను.

సాక్ష్యమిచ్చు మనము వినువారి సందేహమును గద్దింపరాదు. మన బ్రదుకునే వారి పరీక్షకు అప్పగింతము.