ఢిల్లీని పట్టుకున్న ప్లేగు భయం

రేపు పరీక్ష. రాత్రి పదకొండయింది. తల నొప్పిగా ఉంది. నిద్ర చాలక వచ్చిందిలే అని మొదట సరిపెట్టుకుంటారు. కాసేపటికి, పక్క వీధిలో ఎవరికో మెదడులో గడ్డ వచ్చిందని ఇంట్లో పెద్దవాళ్లు అనుకున్న మాట గుర్తుకొస్తుంది. ఇక పుస్తకంలో అక్షరాలు ఆనవు. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమర్చుతాయి. ఇవి కూడా ఆ జబ్బు లక్షణాలేనేమో! తెల్లవారేసరికి నొప్పీ ఉండదు, భయమూ ఉండదు. మీలో చాలామందికి ఇలాంటి రాత్రి ఒకటైనా గడిచే ఉంటుంది.

ఇదే భయం ఒక మనిషిని కాక ఒక మహానగరాన్ని పట్టుకుంటే ఎలా ఉంటుంది? 1994 సెప్టెంబరు ఆఖరులో మన దేశ రాజధానిలో అదే జరిగింది. జబ్బు పేరు ప్లేగు.

ఆ పేరు వినగానే జనం ఎందుకు వణికారో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు తర్వాతి కొన్ని దశాబ్దాలలో మన దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. ఇంట్లో ఎలుకలు చచ్చి రాలుతున్నాయంటే చాలు, జనం ఊరు ఖాళీచేసి పొలాల్లో పాకలు వేసుకుని ఉండేవారు. మీ ముత్తాతల నాటి కథలలో ఈ మాట మీరూ విని ఉండవచ్చు. జబ్బుకు కారణమైన బాక్టీరియాను 1894లో హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ కనుగొన్నాడు. ఆయన పేరు మీదనే దాన్ని యెర్సీనియా పెస్టిస్ అంటున్నాం. ఎలుక నుంచి మనిషికి దాన్ని మోసేది ఈగ కాదు, దోమ కాదు, ఎలుక ఒంటిమీది గుల్ల అని 1898లో కరాచీలో పాల్ లూయి సిమోన్ తేల్చాడు. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ వంటి మందులు వచ్చాక ప్లేగు కోరలు ఊడాయి. మన దేశంలో చివరి కేసులు 1966లో కర్ణాటకలో కనిపించాయి. ఆ తర్వాత 28 ఏళ్లు దాని జాడ లేదు. అంటే 1994లో ఆసుపత్రులలో పనిచేస్తున్న డాక్టర్లలో అత్యధికులు ప్లేగు రోగిని కంటితో చూసినవారు కారన్నమాట. వాళ్లకూ అది పుస్తకంలోని జబ్బే.

1994 ఆగస్టులో మహారాష్ట్రలోని బీడ్ జిల్లా మామ్లా గ్రామంలో గజ్జల్లో గడ్డలు, జ్వరంతో కొందరు మంచం పట్టారు. ఇది గడ్డల ప్లేగు. సెప్టెంబరు మూడో వారంలో గుజరాత్‌లోని సూరత్‌లో మరో రకం కనిపించింది, ఊపిరితిత్తుల ప్లేగు. ఇది దగ్గు తుంపరల ద్వారా దగ్గరగా ఉన్నవారికి సోకుతుంది. వైద్యం అందకపోతే దాదాపు ఎవరూ బతకరు. లక్షణాలు కనబడిన 24 గంటలలోపు సరైన మందు పడితే మాత్రం చాలామంది బతుకుతారు. ఈ రెండు వాక్యాలలో మొదటిది సూరత్ అంతా పాకింది, రెండోది ఆగిపోయింది. కొద్ది రోజులలోనే మూడు లక్షల మందికి పైగా నగరం విడిచి వెళ్లారని అంచనా. ప్రైవేటు డాక్టర్లు కూడా చాలామంది ఇళ్లకు తాళాలు వేశారు. డాక్టరే పారిపోతుంటే మనం ఉండటమా అని జనం అనుకోవడంలో ఆశ్చర్యమేముంది?

సూరత్ నుంచి రైళ్లు దేశం నలుమూలలకూ వెళ్తాయి, ఢిల్లీకీ వస్తాయి. సెప్టెంబరు చివరి వారంలో ఢిల్లీలో అనుమానిత రోగులున్నారన్న వార్త వెలువడింది. ఒక్కసారిగా నగరం ముక్కుకు గుడ్డ కట్టుకుంది. రుమాళ్లు, మాస్కులు, చున్నీలు, ఏది దొరికితే అది. స్టేషన్లలో సూరత్ వైపు నుంచి వచ్చే ప్రయాణికులను పరీక్షించడం మొదలుపెట్టారు. పాఠశాలలు కొన్నాళ్లు మూసేశారు. మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ మాయమైంది. ఉత్తర ఢిల్లీలో కింగ్స్‌వే క్యాంపు దగ్గరున్న అంటువ్యాధుల ఆసుపత్రికి జ్వరమని, దగ్గని వందల మంది వచ్చారు. చేరినవారిలో కొందరు, ఇక్కడే ఉంటే లేని జబ్బు అంటుకుంటుందేమోనని మెల్లగా జారుకున్నారు. రమ్మన్నదీ భయమే, పొమ్మన్నదీ భయమే!

ఇక్కడ కాస్త ఆగి చిన్న లెక్క వేద్దాం. 1991 జనాభా లెక్కల ప్రకారం ఢిల్లీ జనాభా సుమారు 94 లక్షలు. వానలు వెనకబట్టే సెప్టెంబరు నెల జ్వరాల కాలం. మలేరియా, టైఫాయిడ్, మామూలు పడిశం జ్వరం అన్నీ అప్పుడే. వెయ్యిమందిలో ఒక్కరికి జ్వరం ఉందనుకుందాం. అంటే 9,400 మంది. మామూలు సెప్టెంబరులో వాళ్లు ఇంట్లో పడుకుని గంజి తాగేవారు. ఆ సెప్టెంబరులో మాత్రం ప్రతివారికీ అదే సందేహం. ఇప్పుడు వాళ్లందరికీ ఒక రక్తపరీక్ష చేశారనుకోండి. అది జబ్బు లేనివారిలో నూటికి ఒకరిని పొరపాటున 'ఉంది' అని చూపిస్తుందనుకోండి. నగరంలో ప్లేగు ఒక్కరికీ లేకపోయినా 94 మందికి ఉన్నట్టు తేలుతుంది! ఈ అంకెలు కేవలం ఊహకోసం నేను తీసుకున్నవి. కానీ రోగం అరుదైనప్పుడు పరీక్ష ఫలితాన్ని ఎంత జాగ్రత్తగా చదవాలో వీటివల్ల మీకు బోధపడుతుంది.

అసలు లెక్కలు ఇవి. 1994 ఆగస్టు చివరి నుంచి అక్టోబరు నడుమ దాకా ఢిల్లీతో సహా ఐదు రాష్ట్రాలలో 693 అనుమానిత కేసులు నమోదయ్యాయి. 56 మంది చనిపోయారు. ఢిల్లీ వాటా 68 కేసులు. ఇవి ప్రధానంగా రక్తంలోని ప్రతిదేహాలను చూసి వేసిన లెక్కలే గాని రోగి దేహంలోంచి క్రిమిని పెంచి చూపినవి కావు. అందుకే అది ప్లేగేనా, మరేదైనా జబ్బా అని నిపుణులలోనే వాదాలు చెలరేగాయి. ఆ వాదాలు పత్రికలకెక్కాయి. ఒకరు అవునంటే ఒకరు కాదంటుంటే మామూలు మనిషి ఏం చేయాలి? ఖాయంగా చెప్పే గొంతు లేనిచోట పుకారే పెద్దమనిషి అవుతుంది. అనుమానం పెనుభూతం అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఈ గందరగోళాన్ని తేల్చడానికి కేంద్ర ప్రభుత్వం నియమించిన సాంకేతిక సలహా సంఘానికి అధ్యక్షుడు ఒక తెలుగువాడు. ఆయనే డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలో వైద్యం చదివారు. 1969 నుంచి 1979 వరకు ఢిల్లీ అఖిలభారత వైద్య విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా, ఆ తర్వాత 1986 వరకు భారత వైద్య పరిశోధన మండలికి అధిపతిగా పనిచేశారు. హిమాలయ పాదాల కాంగ్రా లోయలో ఉప్పుకు అయోడిన్ కలిపి గొంతువాపు జబ్బును తగ్గించవచ్చని చూపిన వారిలో ముఖ్యులు. సూరత్‌లో వచ్చింది ప్లేగేనని ఆయన సంఘం 1995లో తేల్చింది. నాకు అంతకన్నా విలువైనదిగా తోచేది మరొకటుంది. క్రిమి సంగతితో ఆయన ఆగలేదు. ఆ రోజులలో జనం మనసుకు ఏమైంది అన్న విషయంపై విడిగా ఒక వ్యాసం రాశారు. అది 2001లో అచ్చయింది. ఆ ఏడాదే ఆయన కన్నుమూశారు. భయాన్ని కూడా జబ్బుతో సమానంగా పరిశీలించదగిన విషయంగా ఒక పెద్ద వైద్యుడు తీసుకున్నాడన్నమాట.

క్రిమి విషయంలో మిగిలిన సందేహాలు తీరడానికి ఇంకా కాలం పట్టింది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు ఆ నాటి క్రిముల జన్యుపదార్థాన్ని పరీక్షించి, అవి యెర్సీనియా పెస్టిస్‌వేనని 2000లో ప్రకటించారు. విజ్ఞానశాస్త్రానికి ఆరేళ్లు కావలసి వచ్చింది. భయానికి ఆరు గంటల ఓపిక కూడా ఉండదు. చిక్కంతా అక్కడే.

మళ్లీ ఆ పరీక్ష ముందు రాత్రికి వద్దాం. అక్కడ జరిగింది కూడా ఇదే. భయపడగానే శరీరంలో ఎడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి వేగమవుతుంది, చెమట పడుతుంది, కడుపులో తిప్పుతుంది. పులి ఎదురైతే పరుగెత్తడానికి పనికొచ్చే ఏర్పాటు ఇది. పులి లేనప్పుడు ఆ దడనే మనం జబ్బుగా చదువుకుంటాం. దాంతో భయం రెట్టింపవుతుంది, దడ ఇంకా పెరుగుతుంది. వైద్యం చదివే విద్యార్థులలో కొందరు తాము ఏ జబ్బు గురించి చదివితే ఆ జబ్బు తమకే ఉందనుకుంటారని చాలాకాలంగా తెలిసిన సంగతే. ఇంగ్లీషు హాస్య రచయిత జెరోమ్ కె. జెరోమ్ 1889లో వెలువరించిన 'త్రీ మెన్ ఇన్ ఎ బోట్'లో కథ చెప్పే మనిషి గ్రంథాలయంలో వైద్య పుస్తకం తిరగేసి, అందులోని జబ్బులలో ఒక్కటి తప్ప అన్నీ తనకున్నాయని నిర్ధారించుకుంటాడు. ఆయనకు సెల్‌ఫోను లేకపోవడం అదృష్టం!

1986లో ఇంగ్లండులో పాల్ సల్కోవ్‌స్కిస్, హిలరీ వార్విక్ అనే మనోవిజ్ఞానులు ఒక ముఖ్యమైన విషయం గమనించారు. ఇలాంటి భయం ఉన్నవారు పదేపదే ఇతరుల దగ్గర హామీ కోరుతారు. "ఏమీ లేదు" అని డాక్టరు అనగానే మనసు తేలికవుతుంది. కానీ ఆ తేలిక నిలవదు. మళ్లీ అడగాలనిపిస్తుంది, మరో పరీక్ష చేయించుకోవాలనిపిస్తుంది. హామీయే భయానికి మేత అవుతుంది. ఢిల్లీలో టెట్రాసైక్లిన్ కొని గూట్లో దాచుకున్నవారిని ఈ దృష్టితో చూడండి. ఆ మాత్రలు జబ్బుకు కాదు, మనసుకు కట్టుకున్న తాయెత్తులు. అయితే తాయెత్తు వల్ల నష్టం లేదు, మాత్రల వల్ల ఉంది. పసిపిల్లలకు టెట్రాసైక్లిన్ ఇస్తే పళ్లకు పోని మచ్చలు పడతాయి. అనవసరంగా మింగిన ప్రతి యాంటీబయాటిక్కూ క్రిములకు దాన్ని తట్టుకునే అవకాశం ఇస్తుంది. పైగా నిజంగా అవసరమైన రోగికి ఆ రోజు షాపులో మందు దొరకదు.

అలాగని భయం ఎప్పుడూ తప్పని కాదు. అదే ఢిల్లీలో 1955 చివర యమునకు వరద వచ్చినప్పుడు నజఫ్‌గఢ్ కాలువ మురుగు వజీరాబాద్ దగ్గర తాగునీటిలో కలిసింది. ఆ శీతాకాలంలో 29,000 మందికి పైగా కామెర్లు వచ్చాయి. గర్భిణులకు అది మరీ ప్రమాదకరమైంది. హెపటైటిస్-ఇ అని నేడు మనం పిలిచే వైరస్ అది. మురుగు కలిసిన నీళ్లను జనం ఏ భయమూ లేకుండా తాగారు. భయపడిన చోటికి ప్రమాదం రాలేదు, ప్రమాదం వచ్చిన చోట భయం లేదు.

కాబట్టి, భయాన్ని తరిమేయడం మీ పని కాదు, దాన్ని విచారణకు నిలబెట్టడం మీ పని. ఒంట్లో ఏదో మార్పు కనబడింది, రోజులు గడిచినా తగ్గలేదు. అప్పుడు ఒక మంచి డాక్టరును కలవండి. దాచుకోవద్దు. ఆయన పరీక్షించి ఏమీ లేదంటే, మళ్లీ ఎప్పుడు రావాలో, ఏ మార్పు కనబడితే ముందే రావాలో అడిగి రాసుకోండి. అప్పటివరకు గంటకోసారి గొంతు తడుముకోవడం, నాడి చూసుకోవడం, ఫోనులో వెతకడం ఆపండి. మొదటి రెండు రోజులు ఇది కష్టంగానే ఉంటుంది. నూటికి నూరుపాళ్లు ఖాయమన్న మాట ఏ డాక్టరూ ఎవరికీ ఇవ్వలేడు. మిగిలిన ఆ కాస్త సందేహంతోనే ఆటకు వెళ్లడం, పాఠం చదవడం అలవాటు కావాలి. నెలల తరబడి ఇదే ధ్యాసగా ఉండి చదువూ నిద్రా పాడవుతుంటే అది కూడా వైద్యం ఉన్న సమస్యే. 2013లో అమెరికా మనోవైద్యులు దీనికి 'అనారోగ్య ఆందోళన' అన్న అర్థం వచ్చే కొత్త పేరు పెట్టారు. మాటల ద్వారా చేసే చికిత్సలతో చాలామందికి తగ్గుతుంది. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. డబ్బు కట్టనక్కరలేదు.

ప్లేగు తర్వాత మళ్లీ వచ్చింది. 2002 ఫిబ్రవరిలో హిమాచల్ ప్రదేశ్ సిమ్లా జిల్లా హట్కోటి అనే గ్రామంలో వేటకు వెళ్లివచ్చిన ఒకరితో మొదలై 16 మందికి సోకింది. నలుగురు చనిపోయారు. అది సూరత్‌లో వచ్చిన ఊపిరితిత్తుల ప్లేగే. ఈసారి ఢిల్లీలోని జాతీయ అంటువ్యాధుల సంస్థ ప్రయోగశాలలో క్రిమిని గుర్తించారు. రోగులతో దగ్గరగా మెలగినవారికి మాత్రం వెతికి వెతికి ముందుజాగ్రత్త మందు ఇచ్చారు. కొద్ది వారాలలో అది అణగిపోయింది. హట్కోటి పేరు మీలో ఎందరు విన్నారు?