ఉసిరికాయ ఊళ్లో గినీ పిగ్ అలక

“ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, వీక్ వీక్‌మని ఇల్లు పీకి పందిరేసేది మామా. నాలుగు రోజులుగా పిలిచినా పలకడం లేదు. తాకితే అరుస్తా ఉంది. నా మీద అలిగిందేమో!”

పొంగల్ సెలవులకి ధర్మపురి వెళ్తే, చెప్పులు విప్పకముందే మా అక్క కూతురు చెప్పుకున్న గోడు ఇది. అక్కవాళ్లు మూడు తరాలుగా అక్కడే ఉన్నారు. వీధిలో తమిళం, వంటింట్లో తెలుగు. అలిగిన జీవి గోధుమరంగు, తెలుపు మచ్చల గినీ పిగ్. దీపావళికి బెంగళూరులో ఒక దుకాణంలో కొన్నారట. దుకాణంవాడు కుందేళ్ల మేత సంచి ఒకటి చేతికిచ్చి “రెండూ ఒకటే సార్, ఇదే తింటుంది” అన్నాడట. మొదట్లో కొత్తిమీర కాడలూ అవీ వేసేవారు. పిల్ల పరీక్షల హడావిడిలో అది మానేసి నెల దాటింది.

అట్టపెట్టె దగ్గర కూర్చుని చూశాను. ఓ మూల పక్కకి ఒరిగి, ఒక చెంప పూర్తిగా నేలకి ఆనించి పడుకుంది. వెనక కాలు ఒకటి నేలకి తగలకుండా కాస్త ఎత్తిపెట్టింది. మేత గింజ దగ్గరికి మూతి తీసుకెళ్లింది, పట్టుకుంది, వదిలేసింది. ఆకలి ఉంది, నమలడమే చేతకావడం లేదు.

ఇంట్లో తలో మాట. అక్క అత్తగారు దిష్టి అన్నారు. పక్కింటావిడ జత లేక దిగులన్నారు. ఆ మాటలో కొంత నిజముంది. గినీ పిగ్ గుంపులో బతికే జీవి. స్విట్జర్లాండ్‌లో 2008 నాటి జంతు సంరక్షణ నిబంధనల ప్రకారం ఒంటరిగా ఒక్కదాన్నే పెంచడం నేరం. మా బావ అయితే జలుబేమోనని పిల్లకి గొంతునొప్పి వచ్చినప్పుడు మిగిలిపోయిన అమాక్సిసిలిన్ సిరప్ సీసా అప్పటికే మూత తీశాడు. సీసా లాక్కున్నాను. పెన్సిలిన్ జాతి మందులు గినీ పిగ్ పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవుల్ని చంపి, చివరికి ప్రాణమే తీస్తాయి. 1940 మే 25న ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ బృందం పెన్సిలిన్‌ని ఎనిమిది చిట్టెలుకల మీద పరీక్షించింది. మందు అందిన నాలుగూ మర్నాటికి బతికే ఉన్నాయి. ఆ రోజు బోనులో చిట్టెలుకలకి బదులు గినీ పిగ్‌లు ఉండివుంటే ఆ మందు విషమని పక్కన పడేసేవారేమో.

నాకు మాత్రం ఆ పడక ఎక్కడో చదివినట్టే అనిపించింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి లండన్ లిస్టర్ ఇన్‌స్టిట్యూట్ కథలో. అక్కడ హారియెట్ చిక్, ఆమె తోటి పరిశోధకులు గినీ పిగ్‌లకి పచ్చి ఆకూ పండూ లేని మేత పెట్టి, బోనుల ముందు కూర్చుని, అవి ఎలా పడుకుంటున్నాయో రోజూ రాసుకునేవారు. చెంపని నేలకి ఆనించి పడుకుంటే ‘ముఖం నొప్పి భంగిమ’, పక్కకి ఒరిగి నొప్పి కాలు పైకెత్తితే ‘స్కర్వీ భంగిమ’ అని పేర్లు పెట్టారు. స్కర్వీ అంటే సి విటమిన్ లేక వచ్చే జబ్బు. రక్తపరీక్ష లేదు, ఎక్స్‌రే లేదు. పడకని బట్టే జబ్బు చెప్పేవారు. చిగుళ్లు వాచి, దంతాల మొదళ్లు నొప్పెడుతుంటే ఆ జంతువు చల్లటి నేలకి చెంప ఆనిస్తుంది. కీళ్లలో రక్తం చిమ్మితే కాలు మోపదు. ముట్టుకుంటే కేక పెడుతుంది. మా పిల్ల అలక అనుకున్నది అదీ.

అంతకుముందు కథ ఇంకా తమాషాగా ఉంటుంది. నార్వే నావికుల్ని ఓడలమీద బెరిబెరిలాంటి జబ్బు పీడించేది. దాని గుట్టు విప్పుదామని ఆక్సెల్ హోల్స్ట్, పిల్లల వైద్యుడు థియోడోర్ ఫ్రోలిక్ కలిసి గినీ పిగ్‌లకి ధాన్యం, రొట్టె తప్ప మరొకటి పెట్టలేదు. బెరిబెరి రాలేదు. స్కర్వీ వచ్చింది! 1907లో ఆ ఫలితం అచ్చయింది. వాళ్లు ఎలుకని ఎంచుకుని ఉంటే ఏమీ కనపడేది కాదు, ఎందుకంటే ఎలుక తన సి విటమిన్‌ని తన ఒంట్లోనే తయారు చేసుకుంటుంది. కుక్కా అంతే, ఆవూ అంతే, కుందేలూ అంతే. ఆ తయారీలో ఆఖరి మెట్టుకి కావలసిన ఎంజైము మనిషికి, కోతులకి, కొన్ని గబ్బిలాలకి, గినీ పిగ్‌కి పనిచెయ్యదు. ‘రెండూ ఒకటే సార్’ అన్న దుకాణదారుడి మాట బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే. కుందేలు మేతలో సి విటమిన్ కలపాల్సిన పనే లేదు మరి. గినీ పిగ్‌కోసం ప్రత్యేకంగా చేసిన మేతలోనైనా అది కొద్ది నెలల్లోనే హరించుకుపోతుంది. బస్తా తయారైన తేదీ చూసి కొనమని పశువైద్యులు చెప్పేది అందుకే.

ఈ కథలో మన దక్షిణాది వాటా తక్కువేం కాదు. 1918లో కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక్క గదిలో బెరిబెరి విచారణ కేంద్రం మొదలైంది. నడిపినవాడు రాబర్ట్ మెకారిసన్. అప్పట్లో కూనూరూ, సేలం జిల్లాలోని ధర్మపురీ ఒకే మద్రాసు రాజధానిలో ఉండేవి. మెకారిసన్ ఎలుకలకి సిక్కుల తిండి, మద్రాసీల తిండి పెట్టి పోల్చిన ప్రయోగాలు అందరికీ తెలుసు. గినీ పిగ్‌ల మీద చేసిన పని అంతగా తెలియదు. స్కర్వీ కలిగించే మేత పెడితే అడ్రినల్ గ్రంథులు ఎలా దెబ్బతింటున్నాయో ఆయన రాసిపెట్టాడు. పదేళ్లు తిరక్కుండా హంగేరీ శాస్త్రవేత్త సెంట్-జార్జీ అదే గ్రంథుల్లోంచి ఒక తెల్లటి పొడి తీశాడు. 1932 నాటికి అది సి విటమిన్ అని తేలింది. తేల్చింది మళ్లీ గినీ పిగ్‌లే. ఇక కూనూరు గది సంగతి. ఖర్చు తగ్గించాలన్న ఇంచ్‌కేప్ కమిటీ పుణ్యమా అని 1923లో దానికి తాళం పడింది. రెండేళ్లకి తెరుచుకుంది, పెరిగింది. 1937లో, మెకారిసన్ తర్వాత వచ్చిన ఎక్రాయిడ్ హయాంలో, మన తిండిగింజల, కూరల పోషక విలువల పట్టిక వేసింది. 1958లో సామాను సర్దుకుని హైదరాబాద్ తార్నాకకి వచ్చేసింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. తార్నాకలో బస్సు దిగే వాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ ప్రాంగణం పూర్వీకుల్లో నీలగిరి గినీ పిగ్‌లు కూడా ఉన్నాయి.

ఆ సంస్థ పాత పట్టికలో 100 గ్రాముల ఉసిరికాయకి 600 మిల్లీగ్రాముల సి విటమిన్ అని ఉండేది. 2017 పట్టికలో అది 250 చుట్టుపక్కలకి దిగింది. దిగినా నారింజ దాని దరిదాపుల్లోకి రాదు. జామకాయ మాత్రం 200 దాటి పక్కనే నిలబడుతుంది.

ఉసిరి మాట ధర్మపురిలో ఎత్తితే ఊరుకోరు. ఈ ఊరి పాత పేరు తగడూరు. సంగం కాలంలో దీన్ని ఏలిన అదియమాన్ నెడుమాన్ అంజి, ఎక్కడానికి వీల్లేని కొండ చీలికలో పండిన ఉసిరికాయని సంపాదించాడు. తింటే ఆయుష్షు పెరుగుతుందట. తను తినకుండా, దాని మహిమ చెప్పకుండా, కవయిత్రి అవ్వైయార్ చేతిలో పెట్టాడు. పురనానూరులో దీని ప్రస్తావన ఉంది. సేలం దారిలో అదియమాన్‌కోట్టై అనే ఊరు ఆయన పేరునే మోస్తోంది. అలాంటి ఊళ్లో, అదీ ఉసిరి రుతువులో, ఓ ప్రాణి సి విటమిన్ లేక మూలపడిందంటే అవ్వైయార్ ఏమనేదో!

పశువుల డాక్టరు నోరు తెరిచి చూసి, కీళ్లు నొక్కి, స్కర్వీయే అన్నారు. సి విటమిన్ చుక్కలు రాసి, నీళ్లలో కలపొద్దు, నీళ్లలో విరిగిపోతుంది, నేరుగా నోట్లో వెయ్యమన్నారు. ఆరోగ్యంగా ఉన్నదానికే రోజుకి కిలో బరువుకి 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలట, జబ్బుపడ్డదానికి ఇంకా ఎక్కువ. ఆయన ఇంకో మాట కూడా చెప్పారు: “ఇది వేటకి గురయ్యే జంతువు. నొప్పి బయటపెడితే డేగకి దొరికిపోతుంది. అందుకే దాచుకుంటుంది. మీకు కనబడిందంటే బాగా ముదిరిందని.”

ఇంటికొచ్చాక మా పిల్ల నోటుపుస్తకం తీసింది. ఏది వింత, ఏది మామూలు అని రాసుకుందామని. గినీ పిగ్ తన మలం గుళికల్లో కొన్నిటిని తానే తింటుంది. రోత కాదు, అందులోని బి, కె విటమిన్ల కోసం. ఒక్కసారిగా గాల్లోకి ఎగిరి మెలికలు తిరుగుతుంది. మూర్ఛ కాదు, సంబరం. నడుం ఊపుతూ గుర్రుమంటూ తిరిగితే తోటివాడి ముందు డాబు, లేదా ప్రేమ. పళ్లు టకటకలాడిస్తే చెయ్యి వెనక్కి తీసుకో అని. కదలకుండా బిగుసుకుపోతే ఏదో చప్పుడుకి బెదిరింది. ఏప్రిల్‌లో ధర్మపురి ఎండకి కాళ్లు చాచి ఆయాసపడితే మాత్రం వింతగా చూస్తూ కూర్చోకూడదు. ఆండీస్ కొండల చలిలో వేల ఏళ్ల క్రితం మచ్చికైన జంతువు, వడదెబ్బకి గంటల్లో పోతుంది. తిండి ఒక్కపూట మానేసినా ఆగకుండా డాక్టరు దగ్గరికే.

పిల్ల అన్నీ రాసి, పై అట్ట మీద పెద్దక్షరాలతో ‘అలక కాదు’ అని పేరు పెట్టింది.

నాలుగోరోజుకి చెంప నేల మీంచి లేచింది. వారానికి పెట్టె అంచుదాకా కుంటుకుంటూ వచ్చిందని ఫోను. అక్క పెరటి చెట్టు ఉసిరికాయ చిన్న ముక్క కోసి పెట్టిందట. వాసన చూసి, ముక్కు ముడిచి, దాని మీద నుంచే నడిచి వెళ్లి కొత్తిమీర కట్ట తినేసిందట. ఆ తర్వాత జామకాయ. మిగిలిన ఉసిరికాయని మా పిల్ల ఉప్పూకారం అద్దుకుని లాగించింది.