రన్‌వే కనిపించింది.. అంతలోనే మాయం! పొగమంచులో ల్యాండింగ్ ఎందుకంత డేంజర్?

చండ్రుగొండ నుంచి కొత్తగూడెం వైపు జనవరి తెల్లవారుజామున బండి నడిపినవాళ్లకు ఇది అనుభవమే. మంచులో హైబీమ్ వేస్తే దారి కనిపించదు సరికదా, ఎదురుగా తెల్లటి గోడ నిలబడుతుంది. లైట్ డిమ్ చేస్తాం, స్లో చేస్తాం, మరీ కష్టమైతే పక్కన ఆపేస్తాం. గాల్లో ఉన్న పైలట్‌కి ఆ ఆపే చాన్సే లేదు.

రీవాలో ఏం జరిగింది?

2023 జనవరి 5 రాత్రి. మధ్యప్రదేశ్‌లోని రీవాలో టైమ్ పదకొండున్నర ప్రాంతం. దట్టమైన పొగమంచు. చోర్హటా ఎయిర్‌స్ట్రిప్‌లో దిగాల్సిన శిక్షణ విమానం పక్కనే ఉన్న ఉమ్రీ గ్రామంలో గుడి శిఖరాన్ని, కరెంటు తీగల్ని తాకి కూలిపోయింది. పైలట్ చనిపోయారు. ట్రైనీ గాయాలతో బయటపడ్డారు.

2025 మే 22న అమెరికాలోని శాన్ డియాగోలోనూ దాదాపు ఇదే సీన్. ఇంకా తెల్లవారలేదు, ఊరంతా మంచు. సెస్నా సైటేషన్ అనే చిన్న జెట్ రన్‌వేకి సుమారు 3 కిలోమీటర్ల ముందే కరెంటు తీగల్ని తాకి ఇళ్ల మధ్య పడింది. అందులో ఉన్న ఆరుగురూ చనిపోయారు. ఆ ఎయిర్‌పోర్టులో వాతావరణ సమాచారం ఇచ్చే ఆటోమేటిక్ సిస్టమ్, రన్‌వేకి దారి చూపే లైట్లు అప్పటికి పనిచేయడం లేదని దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ చెప్పింది.

గమనించారా? రెండు విమానాలూ రన్‌వే దాకా రానేలేదు.

కన్ను చేసే మోసం

గాలి కదలని రాత్రి, ఆకాశంలో మబ్బు లేకపోతే నేల త్వరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలిలోని తేమ మంచుగా మారుతుంది. చూపు 1000 మీటర్ల లోపుకి పడిపోతే దాన్ని పొగమంచు అంటారు. ఈ పొర చాలాసార్లు పలచగానే ఉంటుంది. అసలు చిక్కంతా అక్కడే. నిట్టనిలువుగా పైనుంచి చూస్తే రన్‌వే లైట్లు స్పష్టంగా కనిపిస్తాయి. కానీ విమానం దిగేది ఏటవాలుగా కదా! అప్పుడు చూపు అదే పొరలో చాలా దూరం వెళ్లాలి. దీంతో లైట్లు మాయం. 'ఇప్పుడే కదా చూశాను' అనుకుని ఇంకాస్త కిందికి దించితే చీకట్లో చెట్లు, తీగలు, గుట్టలు ఏవీ తెలియవు.

అందుకే 'డెసిషన్ హైట్' అని ఒక గీత పెట్టారు. ఐఎల్ఎస్ పరికరం ఉన్న మామూలు రన్‌వేలో అది 200 అడుగులు. అక్కడికొచ్చినా రన్‌వే లేదా దాని లైట్లు కనిపించకపోతే మళ్లీ పైకి లేపాల్సిందే. ఢిల్లీ లాంటి చోట్ల ఇంకా తక్కువ చూపులోనూ దించే ఏర్పాట్లున్నాయి. చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లలో చాలావాటికి ఐఎల్ఎస్సే ఉండదు.

బాలయోగి ప్రమాదం

మన దగ్గర మంచు మాట వస్తే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది కైకలూరే. 2002 మార్చి 3 ఉదయం లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగి భీమవరం నుంచి ఎక్కిన హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలింది. ఆయనతో పాటు పైలట్, గన్‌మన్ చనిపోయారు. అది పగలే. అయినా మంచులో నేలేదో నీళ్లేదో తెలియక పైలట్ పొరబడ్డారని అప్పట్లో వార్తలొచ్చాయి.

ఇక కొత్తగూడెం ప్రాంతంలో ఎయిర్‌పోర్ట్ కావాలన్న డిమాండ్ ఏళ్లుగా ఉంది. ఎన్ని ఎకరాలు దొరుకుతాయన్న దానిమీదే మన చర్చంతా. స్థలం చూడ్డానికి వచ్చే నిపుణులు మాత్రం చుట్టూ గుట్టలెంత ఎత్తున్నాయి, మంచు ఎన్ని రోజులు పడుతుంది అని కూడా లెక్కేస్తారు.